ఏడో నంబరు జవాబు

"నీటిగొంతు డ్రైవరును ఇంకా ఎవరైనా వాడుతున్నారా? వాడుతుంటే చెప్పండి. ఎవరూ పలక్కపోతే వచ్చే విడుదలలో తీసేస్తున్నాం."

యూనిక్స్ వంశంలో పుట్టిన కంప్యూటర్ వ్యవస్థల్ని సాకేవాళ్లకి ఇదొక ఆచారం. ఇల్లు సర్దుకునేటప్పుడు అటకమీది సామాను కిందికి దించి, "ఇదెవరిదర్రా? అక్కర్లేకపోతే పారేస్తా" అని కేకేస్తారు చూడండి, అలాంటిదే. మామూలుగా ఎవరూ పలకరు. పలికినా ఏ పాత కాలేజీ లాబ్‌లోంచో ఓ పెద్దమనిషి "నేను వాడుతున్నానండీ" అంటాడు. పాపం పోనీలే అని ఇంకో ఏడాది ఉంచుతారు. అలాంటి ఉత్తరానికి బంగాళాఖాతంలోంచి జవాబొస్తుందని ఎవరనుకుంటారు చెప్పండి! వచ్చింది. భీమిలి ఒడ్డున ఉన్న సముద్ర పరిశోధన కేంద్రంలో, హైమావతి కళ్లెదుటే వచ్చింది.

ఆ ఉత్తరం రాసింది ఖాదర్. కేంద్రం తన అవసరాల కోసం తయారుచేసుకున్న 'తరంగిణి' అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి విడుదలల బాధ్యత అతనిది. కర్నూలు మనిషి, ముప్పై దాటి రెండేళ్లయిందేమో, పనిలో రాక్షసుడు. ఆ తరంగిణికి గుండెకాయలాంటి కెర్నెల్‌ని పాతికేళ్లుగా చూసుకుంటున్నది హైమావతి. ఉత్తరం పంపేముందు ఖాదర్ ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, నెట్‌వర్క్ డ్రైవర్లన్నీ కొత్త ఇంటర్‌ఫేస్‌కి మార్చేసినాం. ఒక్కటే మిగిలింది."

"ఏది?" అంది హైమావతి, తెలిసే.

"నీటిగొంతు."

ఆ పేరు పెట్టిందీ, కంప్యూటరుని సముద్రంతో మాట్లాడించే ఆ కార్డుని తయారుచేసిందీ, దానికి డ్రైవరు రాసిందీ జోగారావు. హైమావతి భర్త. పదకొండేళ్ల కిందట సముద్రంలోకి వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

ఉప్పునీళ్లలో రేడియో దూరం పోదు. అందుకని జోగారావు నీళ్లనే మోగించాడు. మనిషి చెవికి అందనంత బొంగురు గొంతుతో మోగిస్తే ఆ మోత వందల కిలోమీటర్లు పోతుంది. ఆ మోతలోనే కబురు పెట్టి పంపడం ఆయన కనిపెట్టిన విద్య. సముద్రం అడుగున ఏడు పెట్టెలు దించాలనుకున్నాడు. ఒడ్డునున్న యంత్రం "ఉన్నావా?" అని అడిగితే ఒక్కో పెట్టె తన నంబరు చెప్పి, తన గడియారంలో తేదీ, టైమూ చెప్పి, "ఉన్నా" అనాలి. అడుగున భూమి కదిలితే ఆ సంగతి కూడా చెప్పాలి. అంతే దాని ఉద్యోగం. ఇలా పంపే కబురు మూటలకి, అంటే ప్యాకెట్లకి, ఇంగ్లీషు పేర్లెందుకని, ప్రోగ్రాములో కూడా 'ఉన్నావా', 'ఉన్నా' అనే రాసుకున్నాడు మహానుభావుడు. ఆరు పెట్టెలు దించాడు. ఏడోది దించుతున్న మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన లేచింది. పడవ తిరగబడింది. మిగతావాళ్లు ఈదుకుంటూ బయటపడ్డారు. జోగారావూ ఏడో పెట్టే లోతుకి పోయారు.

"ఇప్పుడు ఉపగ్రహాలతో మాట్లాడే తేలుడు యంత్రాలొచ్చేసినాయి కదా మేడమ్," అన్నాడు ఖాదర్ మెల్లగా. "నీటిగొంతు ఆపేసినా ఎవరికీ నష్టం లేదు. దాన్ని కొత్త పద్ధతికి మార్చాలంటే చానా పని. మీరు సరేనంటే..."

"ఉత్తరం పంపు. ఆచారం ఆచారమే," అంది హైమావతి. "ఈలోగా డ్రైవరు నేను మారుస్తా."

అనేసింది గానీ, పదకొండేళ్లుగా ఆ ఫైలు తెరవలేదామె. మిగతా కెర్నెల్ అంతా చీపురుపెట్టి ఊడ్చినట్టు ఎన్నిసార్లు తిరగరాసిందో! ఆ ఒక్క గది మాత్రం తాళం వేసే ఉంచింది. జోగారావు బట్టలు ఇచ్చేసింది, బండి అమ్మేసింది. ఆయన చేతుల్లోంచి వచ్చి ఇంకా ఊపిరి తీస్తున్నది ఆ డ్రైవరొక్కటే. అదీ తీసేస్తే ఆయనదంటూ ఇక ఏమీ మిగలదు. ఆమె భయమల్లా అదే.

*

మర్నాడు పొద్దున్న కేంద్రం క్వార్టర్సులో హైమావతి బ్యాగు భుజాన వేసుకుని, "అత్తా, వెళ్తున్నా," అంది.

వంటింట్లోంచి వరహాలమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. "ఎల్తన్నానేటి, ఎల్తన్నానని? నోరు తిరగదా నీకు? ఎల్లొస్తానను."

"సరే, వెళ్లొస్తా."

"అదీ. తినీసెల్లు. ఇడ్లీ సల్లారిపోతంది."

వరహాలమ్మ జోగారావు తల్లి. ఆవిడ దగ్గర ఈ ఒక్క విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు. గ్యాస్ బండ తెచ్చినవాడు కూడా గుమ్మం దిగేముందు "వొస్తానమ్మా" అనాల్సిందే, లేకపోతే వెనక్కి పిలిచి మరీ అనిపిస్తుంది. ఆ రోజున పడవవాళ్లు బయట హారన్ కొడుతుంటే, జోగారావు ఒక చెప్పు వేసుకుని ఒక చెప్పు వెతుక్కుంటూ "ఎల్తన్నానమ్మా" అని పరుగెత్తాడు. ఆ మాట ఆవిడ చెవిలో అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ వారానికోసారి, ఎవరు వద్దన్నా వినకుండా, ఒడ్డుదాకా నడిచి కాసేపు నిలబడి వస్తుంది.

ఆ పూట హైమావతి ఫైలు తెరిచింది. తెరవగానే నవ్వొచ్చింది, వెంటనే కళ్లనీళ్లూ వచ్చాయి. జోగారావు మాట్లాడే తీరే అక్కడా! ఒకచోట, "ఇక్కడ ఆగాలి. ఎందుకంటే నీళ్లకి మనంత తొందర లేదు" అని రాసుకున్నాడు. ఇంకోచోట, "ఈ లైను ఎందుకు పనిచేస్తుందో నాకే తెలీదు, ముట్టుకోకు హైమా" అని ఉంది. ముట్టుకోక చస్తుందా, కొత్త ఇంటర్‌ఫేస్‌లో ఆ లైను ఎలాగూ కుదరదు.

డ్రైవరంటే కార్డుకీ కెర్నెల్‌కీ మధ్య దుబాసీ. ఇన్నాళ్లూ ఈ దుబాసీలది ఇష్టారాజ్యం. పనికిరాని ప్యాకెట్టు వస్తే పైవాళ్లకి చెప్పకుండానే చెత్తబుట్టలో వేసేవాళ్లు. కార్డు ఆపమంటే ఠక్కున ఆపేసేవాళ్లు, అవతల మాట్లాడుతున్నవాడు ఏమైపోతాడన్న ఆలోచన లేకుండా. హైమావతి రాసిన కొత్త ఇంటర్‌ఫేస్‌లో ఆ ఆటలు సాగవు. ఏది పారేసినా పైవాళ్లకి చూపించి పారెయ్యాలి. ఆపేముందు అవతలివాళ్లకి చెప్పి, వాళ్లు విన్నారని తెలిశాకే ఆపాలి. ఈ రెండు నియమాల కోసం ఏడాదిన్నరగా అందరితో పోట్లాడి సాధించింది.

నీటిగొంతు ఫైల్లో జోగారావుది కాని లైను ఒకటుంది. ఆయన పోయాక లాబ్‌లో ఎవరో చేర్చారు: "ఏడో పెట్టె గడియారం ఆగిపోయింది. పాత తేదీతో వచ్చేవి పారెయ్యి." నిజమే, ఏడో పెట్టె అడుక్కి పోయాక కూడా బ్యాటరీ ఉన్నంతకాలం ఆగిన గడియారంతోనే "ఉన్నా, ఉన్నా" అంటూ ఉండేదని ఎవరో చెప్పగా విన్నది హైమావతి. ఆ బ్యాటరీ ఏడాదికి మించి రాదు. ఆ లైను మాత్రం అలాగే ఉండిపోయింది.

అన్నిటికంటే చివర 'వెళ్లొస్తా' అనే ఫంక్షన్, ఒక్క పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాము ముక్క, ఒకటి కనిపించింది. దాన్ని ప్రోగ్రాములో ఎవరూ పిలవరు. రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ కూడా అదే గొణిగింది.

"ఎవరూ పిలవని ఫంక్షన్ ఎందుకు మేడమ్, తీసేయండి," అన్నాడు పక్కనుంచి చూస్తున్న ఖాదర్.

హైమావతి వేలు చెరిపే మీటదాకా వెళ్లి ఆగింది. "ఉండనీ. తర్వాత చూద్దాం."

*

మార్చడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నీటిగొంతుని పూర్తిగా ఆపేశారు. పదకొండేళ్లలో సముద్రం అడుగున అంత నిశ్శబ్దం అదే మొదటిసారి. మూడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక కొత్త డ్రైవరు ఎక్కించి, హైమావతి నెట్‌వర్కుని లేపింది. ఒడ్డు యంత్రం "ఉన్నావా?" అంది.

ఒకటి: ఉన్నా. రెండు: ఉన్నా. మూడు, నాలుగు, అయిదు, ఆరు, అన్నీ వరసగా పలికాయి. ఖాదర్ చప్పట్లు కొట్టబోయి, చేతులు అలాగే గాల్లో ఆపేశాడు.

తెరమీద ఇంకో లైను వచ్చింది.

ఏడు: ఉన్నా.

పక్కనే, పారెయ్యబోతున్నానంటూ డ్రైవరు చూపించిన కారణం: తేదీ పాతది. ఆ తేదీ చూసింది హైమావతి. జోగారావు వెళ్లిపోయిన రోజది. ఆ టైము గాలివాన లేచిన మధ్యాహ్నానిది.

కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. యంత్రం మళ్లీ అడిగింది. మళ్లీ వచ్చింది. ఏడు: ఉన్నా. అదే తేదీ, అదే మధ్యాహ్నం.

"ఇదేంది మేడమ్!" అన్నాడు ఖాదర్. "ఆ పెట్టెలో బ్యాటరీ ఎప్పుడో అయిపోయుండాల కదా? ఇన్నేండ్లూ ఇది పలుకుతానే ఉన్నిందా? మనమే పారేస్తా ఉన్నామా?"

కంప్యూటర్ల గురించి హైమావతికి తెలియనిదేమీ లేదు. చచ్చిపోయినవాళ్లు ప్యాకెట్లు పంపరని కూడా తెలుసు. అయినా గుండె, "ఆయనే, ఆయనే" అని కొట్టుకుంటుంటే ఏం చేస్తుంది? పదకొండేళ్లుగా "ఉన్నా, ఉన్నా" అంటుంటే వినిపించుకోకుండా బుట్టలో వేశామా అనుకుంది.

దాచుకోలేక ఇంటికెళ్లి అత్తగారికి చెప్పేసింది. చెప్పకుండా ఉండాల్సింది. వరహాలమ్మ చేతిలోని చేట కింద పెట్టి, "ఉన్నానన్నాడా?" అంది. అంతే. ఇంకేమీ అడగలేదు. ఆ పూట మూడు కంచాలు పెట్టింది.

*

నిజం మర్నాడే తెలిసింది. చెప్పింది మనుషులు కాదు, మళ్లీ నెట్‌వర్కే.

ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయాన్ని బట్టి అవతలివాడు ఎంత దూరంలో ఉన్నాడో చెప్పేయొచ్చు. ఆరు పెట్టెల సమయాలూ రాయిలా కదలకుండా ఉన్నాయి. ఏడోది మాత్రం గంటగంటకీ మారుతోంది. పెట్టె ఉన్నచోటే ఉండాలి, నడవకూడదు. ఇది నడుస్తోంది.

కేంద్రం అధిపతి డాక్టర్ పరాంకుశం చదువుకున్నది సముద్ర జీవుల గురించి. కదిలే సమయాల్ని చూసి ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "హైమగారూ, పడవ తీయిద్దాం పదండి," అన్నాడు. పక్కన నిలబడ్డ ఖాదర్‌తో, "నువ్వు ఇక్కడే ఉండి వైర్‌లెస్‌లో చెబుతుండు," అన్నాడు.

ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి ఏడో జవాబు వస్తున్న చోటికి చేరారు. పడవ ఇంజను ఆపారు. నీళ్లలోకి మైకు దించి, మనిషి చెవికి అందేట్టు ఆ మోతని వేగం పెంచి స్పీకర్లో పెట్టారు. ముందు ఒడ్డు యంత్రం అడిగింది. కొంతసేపు నీళ్ల శబ్దం. తర్వాత జవాబు. ఆ జవాబు స్పీకర్లోంచే కాదు, పడవ చెక్కల్లోంచి అరికాళ్లలోకి ఎక్కి, ఎముకల్లోంచి పైకొచ్చింది. హైమావతి పళ్లు జివ్వుమన్నాయి.

అప్పుడు లేచింది. పడవకి కాస్త అవతల నీళ్లు ముందు నల్లబడ్డాయి, తర్వాత నీలంగా ఉబ్బాయి. వీపు రావడం మొదలుపెట్టింది, వస్తూనే ఉంది, ఎంతసేపటికీ అయిపోదే! నీలి తిమింగలం. పడవలాంటివి నాలుగు వరసగా పెట్టినా దాని పొడుగు రాదు. ఊపిరి వదిలితే కొబ్బరిచెట్టంత ఎత్తుకి నీళ్లు లేచి జల్లుగా మీద పడ్డాయి. హైమావతి తడిసిపోయి అలాగే నిలబడింది. చేతులు జోడించిందని ఆమెకే తెలీదు.

"నేర్చుకుంది," అన్నాడు పరాంకుశం. "పక్కనే మునిగిన పెట్టె ఏడాదిపాటు 'ఉన్నా ఉన్నా' అంటుంటే వింది. ఉన్నదున్నట్టు నేర్చుకుంది, ఆగిపోయిన తేదీతో సహా. పెట్టె నోరు మూతపడ్డాక, ఒడ్డునుంచి ఎవరో అడుగుతూనే ఉన్నారు కదా, జవాబు చెప్పేవాళ్లు లేరే అని, తనే చెబుతోంది. ఓరి దేవుడా! ఇన్నేళ్లుగా, హైమగారూ, ఇన్నేళ్లుగా!"

వైర్‌లెస్‌లో ఖాదర్ గొంతు వినిపించింది. "మేడమ్, ఇంకోటి కూడా వస్తా ఉంది. సగం సగం ప్యాకెట్లు. 'ఏడు' అని ఆగిపోతా ఉంది. కొన్ని 'ఏడు: ఉ' దాకా వచ్చి తెగిపోతున్నాయి. డ్రైవరు పారేస్తా ఉంది, మళ్లీ వస్తా ఉన్నాయి."

వాళ్లు చూస్తుండగానే ఆ పెద్ద వీపు పక్కన చిన్న వీపొకటి లేచింది. చిన్నదంటే పడవంత ఉంది. పిల్ల. తల్లి దానికి ఏడో నంబరు నేర్పుతోంది.

హైమావతి ఏడ్చేసింది. భర్త కానందుకు ఏడ్చిందో, ఇది ఇంత అద్భుతంగా ఉన్నందుకు ఏడ్చిందో, ఆమెకే తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

*

ఒడ్డుకి తిరిగొస్తుంటే పరాంకుశం మొహం మాత్రం మారుతూ వచ్చింది. తీసిన ఫొటోల్ని పెద్దవి చేసి చూపించాడు. తల్లి వెన్నెముక గుట్టల వరసలా బయటికి కనిపిస్తోంది. మెడవెనక పల్లం పడింది.

"చిక్కిపోయింది. ఇలాంటివి తిండి వెతుక్కుంటూ దక్షిణానికి దూరం పోవాలి. ఇది చుట్టుపక్కలే తచ్చాడుతున్నట్టుంది. ఇన్నాళ్లూ ఉన్నదేదో తిని నెట్టుకొచ్చింది. ఇప్పుడు పిల్లకి పాలివ్వాలి. ఇలాగే ఉంటే రెండూ దక్కవు."

"మనం పిలుస్తున్నాం కాబట్టి ఉంది," అంది హైమావతి.

"అయితే పిలవడం ఆపేద్దాం," అన్నాడు వైర్‌లెస్‌లో వింటున్న ఖాదర్.

హైమావతి తల అడ్డంగా ఊపింది. ఆ సంగతి ఆమె పొద్దున్నే చూసింది. గడిచిన పదకొండేళ్ల రికార్డుల్లో ఏమీ లేదు, అంతా పారేశారాయె. నెట్‌వర్కుని లేపిన మధ్యాహ్నం మొదటి జవాబు చాలా దగ్గర్నుంచి వచ్చింది, లోతు తగ్గే చోటు అంచునుంచి. పిలుపు మళ్లీ మొదలయ్యాకే మెల్లగా వెనక్కి జరిగింది. ఆపిన రెండు రోజుల్లో అది ఒడ్డు వైపు వచ్చేసింది, వెతుక్కుంటూ. ఇంకో రోజు ఆపి ఉంటే తల్లీ పిల్లా ఇసుకమీద ఉండేవి.

"పిలిస్తే ఆకలితో పోతుంది, పిలవకపోతే ఒడ్డెక్కి పోతుంది," అంది.

ఇంట్లో వరహాలమ్మ గుమ్మంలోనే కాచుకుని ఉంది. ఆవిడకి ఎలా చెప్పాలో దారంతా ఆలోచించి, చివరికి ఉన్నదున్నట్టు చెప్పేసింది హైమావతి. ఆవిడ అలాగే కూర్చుని వింది.

"సేపా?" అంది.

"చేప కాదత్తా. తిమింగలం."

"మా జోగులు కాదన్నమాట." కొంగుతో మొహం తుడుచుకుంది. "మరి దానికి తిండి నేకపోతే ఎల్లిపోదేటే?" అని అడిగింది.

"మనం పిలుస్తుంటే ఎలా వెళ్తుంది?"

"పిలవడం మానీండి."

"మానేస్తే వెతుక్కుంటూ ఒడ్డుకొచ్చేస్తోంది."

"మరి రాదేటి?" వరహాలమ్మ గొంతు లేచింది. "రోజూ పలకరించినోలు సెప్పకుండా మానీస్తే, ఏటయిపోనారోనని రాదేటి? నాను పదకొండేళ్ల నుంచీ ఆ ఒడ్డుకి దేనికెల్తన్నాననుకున్నావు? ఎల్లొస్తానని ఒక్క మాట సెప్పుంటే ఇంట్లోనే కూకుందును కదేటే!"

హైమావతికి కంపైలర్ గొణిగిన ఆ 'వెళ్లొస్తా' ఫంక్షన్ గుర్తొచ్చింది. దాంతోపాటే పడవ అంచున నిలబడ్డ జోగారావు కూడా గుర్తొచ్చాడు.

కొత్తల్లో ఒకే పెట్టె ఉండేది, తర్వాత రెండు, మూడు. బ్యాటరీలు మార్చడానికి ఏటా వానాకాలం ముందు వాటిని పైకి తీసేవారు. తీసేముందు ఆయన ఒక్కో పెట్టెచేతా చేత్తో 'వెళ్లొస్తా' ప్యాకెట్టు పంపించేవాడు. ఒకసారి పడవలో ఆమె కూడా ఉంది. "వినేదెవరని పంపుతున్నావ్? పెట్టెలన్నీ ఇప్పుడు పైకొచ్చేస్తాయిగా," అని వేళాకోళం చేసింది. "ఎవరో ఒకరు వింటుంటారే. చెప్పకుండా లేచి పోతామా ఏంటి?" అన్నాడు నవ్వుతూ. ఆయన పోయాక ఏళ్ల తరబడి నడిచే బ్యాటరీలు వచ్చాయి. పెట్టెలు పైకి తియ్యక్కర్లేకపోయింది. ఆ మాట పంపేవాళ్లూ లేకపోయారు. కానీ అంతకుముందు ఏటా విన్నవాళ్లు ఉన్నారు. ఆ మోత తర్వాత సముద్రం నిశ్శబ్దమైపోతుందనీ, ఇక వెళ్లిపోవచ్చుననీ, కొన్నాళ్లకి మళ్లీ పిలుపొస్తుందనీ తెలిసినవాళ్లు ఉన్నారు.

"అత్తా, రేపు నువ్వు కూడా ఆఫీసుకి రా," అంది హైమావతి.

*

మార్పు చాలా చిన్నది. ఆపేముందు అవతలివాళ్లకి చెప్పాలన్న నియమం కోసం కొత్త ఇంటర్‌ఫేస్‌లో ఒక చోటుంది. ఇన్ని డ్రైవర్లలోనూ అక్కడ ఏదో ఒకటి నింపి కానిచ్చారు. ఆ చోట హైమావతి ఎవరూ పిలవని ఆ ఫంక్షన్ పేరు రాసింది. కంపైల్ చేసింది. కంపైలర్ ఈసారి గొణగలేదు.

"ఆ వేలు అప్పుడు మీట నొక్కి ఉంటే!" అన్నాడు ఖాదర్, తన చెంపలు తనే వాయించుకుంటూ.

పరాంకుశం మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటాడు! జన్మంతా ఇలాంటి రోజుకోసమే చదివాడాయన. "మనిషి అడిగిన దానికి సముద్రం జవాబు చెబుతోంది హైమగారూ. ఇలాంటిది మళ్లీ దొరుకుతుందా? పంపించేశాక తిరిగి రాకపోతే?"

"రాకపోవచ్చు సార్," అంది హైమావతి. "నాకు మాత్రం ఇష్టమా? ఆ ప్యాకెట్టులో ఉన్న మధ్యాహ్నం ఆయన బతికున్న చివరి మధ్యాహ్నం. అది ఇంకెక్కడా లేదు. కానీ నా కోసం ఆ తిమింగలం అక్కడే కూర్చుని చచ్చిపోకూడదు, పిల్లతో సహా."

ఆయన కిటికీలోంచి చాలాసేపు నీళ్లకేసి చూశాడు. "కానివ్వండి," అన్నాడు చివరికి.

వరహాలమ్మకి కుర్చీ వేశారు. ఎండ తెరమీద పడకుండా ఖాదర్ కర్టెన్ లాగాడు. హైమావతి నెట్‌వర్కుని ఆపమని ఆజ్ఞ రాసి, మీట నొక్కింది. పాత ఇంటర్‌ఫేస్ అయితే ఆ క్షణంలోనే అంతా ఆగిపోయేది. ఇప్పుడలా కాదు. డ్రైవరు ఒక్కో పెట్టె పేరా నీళ్లలోకి మాట వదిలింది.

ఒకటి: వెళ్లొస్తా. రెండు: వెళ్లొస్తా. అలా ఆరు. ఏడో పెట్టె లేదు కాబట్టి దాని తరఫున ఒడ్డే చెప్పింది, ఆ వేళ తేదీ వేసి. ఏడు: వెళ్లొస్తా.

డ్రైవరు ఎదురుచూస్తోంది. అవతలివాళ్లు విన్నారని తెలిసేదాకా చెవి మూయకూడదు, నియమం. నీళ్లకి మనంత తొందర లేదని రాసుకున్నాడు కదా జోగారావు, ఎంతసేపటికీ ఏమీ రాలేదు. పరాంకుశం కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్లీ లేచాడు. వినలేదేమో, మర్చిపోయిందేమో, పదకొండేళ్లు తక్కువ కాలమా! హైమావతి చేతిని వరహాలమ్మ పట్టుకుంది.

అప్పుడొచ్చింది.

ఏడు: వెళ్లొస్తా.

హైమావతి చూపు మాట మీదినుంచి పక్కనున్న తేదీ మీదికి పోయింది. ఆ తేదీ పదకొండేళ్ల కిందటిది కాదు. ఈవాళ్టిది. ఇప్పుడే విన్నదాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పింది. ఏడో నంబరు గడియారం ఇన్నేళ్లకి కదిలింది.

దాని కిందే, పారేస్తున్నానంటూ డ్రైవరు ఇంకో ముక్క చూపించింది. ఏడు: వె. అక్కడితో తెగిపోయింది.

"పిల్లది," అన్నాడు ఖాదర్, నవ్వుతూ కళ్లు తుడుచుకుంటూ. "ఇంకా రాలేదు దానికి."

"నేర్సుకుంటాది," అంది వరహాలమ్మ. "ఏటన్నాదే పెద్దది?"

"వెళ్లొస్తానంది అత్తా."

"అన్నాడా," అంది ఆవిడ మెల్లగా. హైమావతి సరిదిద్దలేదు. ఆవిడ లేచి, కొంగు సర్దుకుని, "అయితే పద, ఇంటికెల్దాం. వంట సెయ్యాల," అంది. దారిలో ఒడ్డు వైపు మలుపు వచ్చినా అటు తిరగలేదు.

ఆ సాయంత్రం దాకా ఖాదర్ మైకు తెరిచే ఉంచాడు. తల్లీ పిల్లా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్న మోత దక్షిణం వైపు పోతూ పోతూ, చిన్నదై, నీళ్ల శబ్దంలో కలిసిపోయింది. నీటిగొంతు ఆగింది. ఇక పెట్టెల్ని మళ్లీ పలికించేది వానాకాలం వెళ్లాకే, ఆ తర్వాత ఏటా అంతే, జోగారావు నడిపినట్టే.

విడుదల పని మిగిలింది. డ్రైవర్ల ఉత్తరానికి ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదని ఖాదర్ గుర్తుచేశాడు. ఆచారం ఆచారమే కదా. హైమావతి కూర్చుని ఆ ఉత్తరాన్ని మరోసారి చదువుకుంది. "నీటిగొంతు డ్రైవరును ఇంకా ఎవరైనా వాడుతున్నారా?"

కింద ఇలా రాసి పంపింది:

"వాడుతున్నారు. ప్రస్తుతం ఊళ్లో లేరు. వెళ్లొస్తామని చెప్పి వెళ్లారు. తీసెయ్యకండి."